పదిహేడు మంది ఊ అంటేనే

కాటేదాన్ పారిశ్రామికవాడలో అప్పట్లో పనిచేసినవాళ్లను 2012 నాటి పవర్ హాలిడేల గురించి అడగండి, గంట సేపు చెబుతారు. ఫలానా రోజుల్లో కరెంటు ఉండదని డిస్కం ముందే చెప్పేది. బిస్కెట్ల ఓవెన్లు చల్లారేవి, ప్లాస్టిక్ మౌల్డింగ్ యంత్రాలు ఆగేవి. ప్రభుత్వాన్ని తిట్టుకుంటూనే తెలివైన యజమాని ఆ ఖాళీలో మెకానిక్‌ను పిలిపించి, అరిగిన బేరింగులు మార్పించుకునేవాడు. ఆపమని చెప్పేవాడు ఒకడున్నాడు, మార్చమని చెప్పేవాడు ఒకడున్నాడు. ఆ ఇద్దరూ లేనిచోట, యంత్రాన్ని ఒక్క సెకను కూడా ఆపకుండా దాని గుండెకాయను మార్చాలంటే ఏం జరుగుతుంది? బ్లాక్‌చెయిన్ మీద నడిచే సామాజిక మాధ్యమాల గత పదేళ్ల చరిత్ర అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

అయితే యజమాని లేని వేదిక మీద కబుర్లాడుకోవడం మనవాళ్లకు బ్లాక్‌చెయిన్‌తో మొదలవలేదు. 1990ల తొలినాళ్లలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగు కుర్రాళ్లు యూజ్‌నెట్‌లోని తెలుగు న్యూస్‌గ్రూప్‌లో పోగయ్యేవారు. దాన్ని పొట్టిగా స్కిట్ అనేవారు. యూజ్‌నెట్‌కు సొంతదారు లేడు. ఒక సర్వరు తన దగ్గరికి వచ్చిన ఉత్తరాలను పక్క సర్వరుకు అందిస్తుంది, అది ఇంకో దానికి. హ్యూస్టన్‌లో రాసిన పద్యం మర్నాటికి ఎక్కడెక్కడి కంప్యూటర్లలోనో తేలేది. తెలుగు లిపి లేదు గనక ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకోవాలి. దానికి రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి ఒక పద్ధతి కట్టారు. అదే ఆర్‌టీఎస్. టీ అక్షరం చిన్నదైతే త, పెద్దదైతే ట. ఎన్ చిన్నదైతే న, పెద్దదైతే ణ. కళ్లు అలవాటు పడ్డాక ఆ గజిబిజిలోంచే ఛందస్సు కూడా వినిపించేదని ఆనాటివాళ్లు చెబుతారు.

ఇక ఆర్‌టీఎస్ నుంచి యూనికోడ్‌కు తెలుగు ఎలా మారిందో చూడండి. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటుంది. కానీ చోటుంటే చాలదు. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటును మోసుకొచ్చింది. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన ఫాంటు చేసి పంచారు. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. ఈలోగా పత్రికలు తలా ఒక సొంత ఫాంటుతో వెబ్‌సైట్లు పెట్టుకున్నాయి. ఒక పత్రిక అక్షరాలు ఇంకో పత్రిక ఫాంటులో పిచ్చి గీతల్లా కనబడేవి. అప్పుడే పద్మ అనే పనిముట్టు వచ్చి, ఎన్నో ఫాంటుల్లో ఉన్నదాన్ని బ్రౌజర్లోనే యూనికోడ్‌గా మార్చి చూపించింది. 2006లో వీవెన్ లేఖినిని తెచ్చారు. అందులో తెలుగు టైపు చేసే పద్ధతి చాలావరకు ఆర్‌టీఎస్‌దే. అంటే పాత అలవాటు పోలేదు, కొత్త దాని లోపల సర్దుకుంది.

పదిహేనేళ్లు పట్టింది. ఎవరూ ఓటు వేయలేదు. ఫలానా తేదీ తర్వాత ఆర్‌టీఎస్ చెల్లదని ఎవరూ దండోరా వేయలేదు. పాత రాతలు చదవలేకపోయినవాడు లేడు, ఎందుకంటే ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు పూనుకుని ఒక మార్పిడి పనిముట్టు రాసిపెట్టారు. యజమాని లేని నెట్‌వర్క్ ఎలా మారాలో చూపించడానికి ఇంతకంటే మర్యాదైన ఉదాహరణ నాకు తట్టడం లేదు. దీని గురించి మనం పెద్దగా చెప్పుకోకపోవడమే విచిత్రం.

బ్లాక్‌చెయిన్ దారి వేరు. అక్కడ వేల కంప్యూటర్లు ఒకే లెక్కల పుస్తకాన్ని ఉంచుకుంటాయి. అందరి పుస్తకాల్లోనూ ప్రతి పద్దూ ఒకేలా ఉండాలి. రాసే నియమం మారితే అందరూ ఒకే క్షణంలో మారాలి, లేదంటే పుస్తకం రెండవుతుంది. పాత సాఫ్ట్‌వేర్ కూడా ఒప్పుకునే చిన్న బిగింపును సాఫ్ట్ ఫోర్క్ అంటారు. పాతది ఒప్పుకోలేని మార్పు హార్డ్ ఫోర్క్. 2016 జులైలో ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్, దొంగతనానికి గురైన సొమ్మును వెనక్కి రప్పించడానికి హార్డ్ ఫోర్క్ చేసింది. జరిగింది జరిగిందే, పుస్తకాన్ని దిద్దకూడదన్నవాళ్లు పాత గొలుసునే పట్టుకుని ఈథీరియం క్లాసిక్‌గా మిగిలారు. 2017 ఆగస్టులో, ఆ పుస్తకంలో పేజీలాంటి బ్లాకు సైజు దగ్గర పేచీ వచ్చి బిట్‌కాయిన్ నుంచి బిట్‌కాయిన్ క్యాష్ విడిపోయింది. అవి డబ్బు గొలుసులు. మాటలు మోసే గొలుసు సంగతికి వద్దాం.

2016 మార్చిలో స్టీమ్ అనే బ్లాక్‌చెయిన్ మొదలైంది. నెడ్ స్కాట్, డాన్ లారిమర్ దాని కర్తలు. స్టీమిట్ అనే సైటులో మీరు రాస్తే, చదివినవాళ్లు ఓటేస్తే, టోకెన్లు వస్తాయి. ఆ జులై 4న తొలి చెల్లింపులు జరగగానే ప్రపంచమంతా ఎగబడింది. మూడు సెకన్లకొక బ్లాకు. బ్లాకులు రాసేది విట్నెస్‌లు. ఓట్లలో ముందున్న 20 మంది, వంతులవారీగా వచ్చే ఇంకొకరు, మొత్తం 21. టోకెన్లను స్టీమ్ పవర్‌గా మార్చి పెట్టుకున్నవాళ్లు వీళ్లను ఎన్నుకుంటారు. ఎంత పవరుంటే ఓటుకు అంత బరువు. ఒక ఖాతా గరిష్ఠంగా 30 మందికి ఓటేయవచ్చు. హార్డ్ ఫోర్క్ జరగాలంటే 21లో 17 మంది ఒప్పుకోవాలి.

ఒప్పుకోవడం అంటే చెయ్యెత్తడం కాదక్కడ. విట్నెస్ కొత్త సాఫ్ట్‌వేర్ దించుకుంటాడు, కంపైల్ చేస్తాడు, ఒక్కోసారి గొలుసును మొదటి బ్లాకు నుంచి మళ్లీ ఆడిస్తాడు. ఆ రీప్లే గంటల తరబడి సాగుతుంది. ర్యామ్ చాలకపోతే మధ్యలో చతికిలబడుతుంది, మళ్లీ మొదటికి. అంతా అయ్యాక అతని నోడ్, అంటే గొలుసును నడిపే అతని కంప్యూటర్, తాను రాసే బ్లాకులో తన వెర్షన్ నంబరును, మార్పు జరగాల్సిన ముహూర్తాన్ని చెక్కుతుంది. ఆ ముహూర్తానికి 17 మంది దగ్గర అదే నంబరు కనబడితే నియమాలు మారిపోతాయి. అప్‌గ్రేడ్ చేసుకోని నోడ్ ఆ క్షణం నుంచి దారి తప్పుతుంది. టోకెన్లు కొని అమ్మే ఎక్స్ఛేంజీలు ముందే డిపాజిట్లు, విత్‌డ్రాయల్స్ ఆపుకుని కూర్చుంటాయి. లగ్నం పెట్టిన పెళ్లిలా నడుస్తుంది వ్యవహారం.

మొదటి మూడేళ్ల మార్పుల్లో చాలావరకు ఎవరికి ఎంత ముట్టాలన్న లెక్కలే. తొలినాళ్లలో పది రెట్లు పవరున్నవాడి ఓటుకు దాదాపు వంద రెట్ల విలువ ఉండేది. 2017 జూన్‌లో 19వ హార్డ్ ఫోర్క్ దాన్ని సరళ రేఖ మీదికి తెచ్చింది. చిన్నవాళ్లు సంబరపడ్డారు. ఆ సంబరంలోనే తమ ఓటు తమకే వేసుకునేవాళ్లు, ఓట్లు అద్దెకిచ్చే బాట్లు పుట్టుకొచ్చాయి. 2019 ఆగస్టులో 21వ ఫోర్క్ వచ్చి, రాసినవాడికి మూడొంతులు, ఓటేసినవాడికి ఒక వంతు ఉన్న పంపకాన్ని సగం సగం చేసింది. రచయితలకు అది కోత. పారితోషికం కోసిన సంపాదకుణ్ణి తిట్టుకోవచ్చు. పదిహేడు మందిని ఏమని తిట్టుకుంటాం?

మధ్యలో 2018 సెప్టెంబరు 25న వచ్చిన 20వ ఫోర్క్ దగ్గర కాస్త ఆగాలి. స్టీమ్‌లో రాయడానికి ఫీజు లేదు. మరి చెత్త పోగవకుండా ఎలా? ప్రతి ఖాతాకూ దాని పవరును బట్టి రిసోర్స్ క్రెడిట్లు ఇచ్చారు. ఒక వ్యాసం పెడితే కొన్ని, వ్యాఖ్య రాస్తే కొన్ని ఖర్చవుతాయి, ఐదు రోజుల్లో మళ్లీ నిండుతాయి. కాగితం మీద ముచ్చటగా ఉంది. కానీ ఫోర్క్ జరిగిన రోజున లెక్కలు అదుపు తప్పాయి. కొద్దిపాటి పవరున్న మామూలు మనిషి ఎవరి టపా కిందనైనా రెండు ముక్కలు రాద్దామంటే క్రెడిట్లు చాలవని గొలుసు వెనక్కి కొట్టింది. కొన్నాళ్ల పాటు పెద్ద ఖాతాలవాళ్లే మాట్లాడుకున్నారు. తర్వాత సర్దారనుకోండి. అందరూ సమానంగా మాట్లాడే చోటు అని నమ్మి వచ్చినవాడికి, మాట్లాడటానికీ ఆస్తి కావాలని ఆ వారం తెలిసొచ్చింది.

అసలు గండం 2020లో వచ్చింది. స్టీమిట్ కంపెనీ మొదట్లోనే తనకోసం పెద్ద వాటా తవ్వి పెట్టుకుంది. దానితో ఓట్లు వేయబోమని మాటిచ్చింది. ఆ మాట కోడ్‌లో లేదు, నోటిమాటే. ఫిబ్రవరి 14న ట్రాన్ అనే ఇంకో బ్లాక్‌చెయిన్ అధిపతి జస్టిన్ సన్ చేతికి ఆ కంపెనీ వెళ్లినట్టు తెలిసింది. కొత్త యజమాని పాత మాట మీద నిలబడతాడా? విట్నెస్‌లకు నమ్మకం కలగలేదు. ఆ నెల 23న ఒక సాఫ్ట్ ఫోర్క్‌తో కంపెనీ వాటా కదలకుండా స్తంభింపజేశారు. మార్చి 2న సన్ వైపు నుంచి జవాబొచ్చింది. బైనాన్స్, హువోబీ, పొలోనియెక్స్ అనే మూడు పెద్ద ఎక్స్ఛేంజీల్లో ఖాతాదారులు దాచుకున్న టోకెన్లు స్టీమ్ పవర్‌గా మారి ఓట్లయ్యాయి. కొద్ది గంటల్లో మొదటి ఇరవై స్థానాల్లో ఎవరికీ తెలియని కొత్త పేర్లు కనబడ్డాయి. పవర్‌గా మార్చినదాన్ని మళ్లీ టోకెన్లుగా పూర్తిగా రాబట్టుకోవాలంటే 13 వారాలు పడుతుంది గనక, తమ సొమ్ము ఏమైందని ఖాతాదారులు గగ్గోలు పెట్టారు. బ్యాంకులో మనం వేసుకున్న డబ్బుతో మేనేజరు ఎన్నికల్లో నిలబడినట్టయింది.

ఎక్స్ఛేంజీలు తర్వాత తగ్గాయి. ఆపైన లాగులాట. చెరి సగం స్థానాల దగ్గర ఆగింది, ఎవరికీ 17 దొరకలేదు. కొత్త మార్పు ఎవరూ తేలేరు, పాతది ఎవరూ తీయలేరు. చివరికి 2020 మార్చి 20న పాతకాపులు గొలుసును మొత్తం నకలు తీసి హైవ్ అని పేరు పెట్టుకుని బయటికి నడిచారు. అందరి వ్యాసాలూ, అందరి నిల్వలూ వచ్చాయి. స్టీమిట్ కంపెనీ వాటా, ఆ పక్షానికి ఓటేసిన కొన్ని ఖాతాల వాటా మాత్రం రాలేదు. సరిగ్గా రెండు నెలలకు, మే 20న, స్టీమ్‌లో మిగిలినవాళ్లు ఇంకో హార్డ్ ఫోర్క్ చేసి, ఎదిరించిన 64 ఖాతాల్లోంచి దాదాపు 2.36 కోట్ల టోకెన్లు లాగేశారు. ఈ కథను హైవ్ అభిమానులు స్వాతంత్ర్య పోరాటంలా చెప్పుకుంటారు. నాకు అంత సాఫీగా కనబడదు. ఇటువాళ్లు చేసిందీ అటువాళ్లు చేసిందీ అప్‌గ్రేడ్ పేరుతో అవతలివాడి సొమ్మును పక్కన పెట్టడమే. తేడా ఒకటుంది. హైవ్ వాళ్లు వెళ్లిపోతూ పాత పుస్తకాన్ని పాత పుస్తకంగానే వదిలారు, ఇల్లు మారారు. స్టీమ్ వాళ్లు ఉన్న పుస్తకాన్నే దిద్దారు.

ఆ రోజుల్ని మన వైపు నుంచి చూస్తే ఇంకో ముచ్చట. 2018 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు క్రిప్టో వ్యవహారాలకు బ్యాంకుల తలుపులు మూయించింది. దాంతో టోకెన్లు సంపాదించిన భారతీయుడికి వాటిని రూపాయలుగా మార్చుకునే మామూలు దారి మూసుకుపోయింది. 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది. ఎక్స్ఛేంజీల దాడి జరిగిన రెండు రోజులకే. దారి తెరుచుకునే వేళకు వెళ్లాల్సిన ఇల్లు తగలబడుతోందన్నమాట. హైవ్ పుట్టిన రెండు రోజులకు జనతా కర్ఫ్యూ, అయిదు రోజులకు లాక్‌డౌన్. ఆ తర్వాత 2022 బడ్జెట్ వచ్చి 30 శాతం పన్ను వేసింది, జులై నుంచి ఒక శాతం టీడీఎస్ కూడా. వ్యాసాలు రాసి పదీ పరకా సంపాదిద్దామనుకున్న మన బ్లాగరుకు సరదా అక్కడితో సరి.

హైదరాబాద్ మాత్రం ఆ నాలుగేళ్లూ బ్లాక్‌చెయిన్ పేరు జపించింది. అంతకుముందే 2017 అక్టోబరులో విశాఖలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సదస్సు పెట్టి, భూమి రికార్డులకు ఈ సాంకేతికత వాడతామంది. 2018 ఆగస్టులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ బ్లాక్‌చెయిన్ కాంగ్రెస్ జరిగింది. అక్కడే టెక్ మహీంద్రాతో కలిసి బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్ కడతామని తెలంగాణ ఒప్పందం చేసుకుంది. రిజిస్ట్రేషన్ల శాఖ కింద చిట్టీల లెక్కలకు టీ-చిట్స్ వచ్చింది. చిట్టీ కంపెనీ జెండా ఎత్తేస్తే గుండెలు బాదుకునే మన ఊళ్లలో, తిరగరాయడానికి వీల్లేని పుస్తకం పనికొచ్చే వస్తువే. కానీ ఇవన్నీ అనుమతి ఉన్నవాళ్లే రాసే గొలుసులు. అప్‌గ్రేడ్ చేయాలంటే శాఖ ఒక తేదీ చెబుతుంది, సర్వీసు ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఎవరూ విడిపోరు. విడిపోయే హక్కు ఎవరికీ లేదు గనక.

సామాజిక మాధ్యమాల్లో ఆ హక్కు ఉన్నవి ఇంకా ఉన్నాయి, బ్లాక్‌చెయిన్ లేకుండానే. 2019 నవంబరులో సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపేసినప్పుడు వేలమంది భారతీయులు మాస్టోడాన్‌కు తరలివెళ్లారు. అక్కడ ఎవరి సర్వరు వాళ్లు తమకు వీలైనప్పుడు అప్‌గ్రేడ్ చేసుకుంటారు. పాత వెర్షన్ కొత్తదానితో ఎంతో కొంత మాట్లాడుతూనే ఉంటుంది. వచ్చినవాళ్లలో చాలామంది నెల తిరక్కుండా ట్విట్టర్‌కు వెనక్కి వెళ్లిపోయారు, అది వేరే సంగతి. బ్లాక్‌చెయిన్ వైపు 2022లో పాలిగాన్ అనే గొలుసు మీద లెన్స్ అనే సామాజిక వేదిక వచ్చి, 2025లో తన సొంత గొలుసుకు మూటాముల్లె సర్దుకుంది. ఫార్‌కాస్టర్ అనే మరో వేదిక ఖాతాల్ని మాత్రమే గొలుసు మీద పెట్టి, మాటల్ని హబ్‌లనే సర్వర్లలో ఉంచింది. 2025లో ఆ హబ్‌ల వ్యవస్థనూ స్నాప్‌చెయిన్‌గా మార్చుకుంది. అప్పటికి ఆ కంపెనీ చిన్నది, వాడేవాళ్లు తక్కువ. అందుకే మార్పు నొప్పి లేకుండా జరిగిపోయింది. స్టీమ్ పడ్డ పాట్లు వాళ్లు ఇంకా పడలేదు.

హైవ్ 2020 దెబ్బను మరచిపోలేదు. అదే అక్టోబరులో వచ్చిన 24వ ఫోర్క్‌లో, కొత్తగా పవర్‌గా మార్చిన టోకెన్లకు 30 రోజుల దాకా విట్నెస్‌ల ఓటు ఉండదని నియమం పెట్టారు. రాత్రికి రాత్రి డబ్బుతో వచ్చి కుర్చీలు పట్టడం కుదరదు. మరుసటి ఏడాది జూన్‌లో వచ్చిన 25వ ఫోర్క్, ఏడాది పాటు పాలనా ఓటింగు జోలికి రాని ఖాతాల పాత ఓట్లు రద్దవుతాయంది. చచ్చిపోయినవాళ్ల ఓట్లు లెక్కలో ఉండకూడదన్న ఇంగితం మన ఓటర్ల జాబితాలకంటే ముందు అక్కడికి చేరింది.

ఎన్ని నియమాలు పెట్టినా నోడ్ ఎక్కడో ఒక నేల మీద ఉండాలి కదా. 2020 నవంబరు 11న ఈథీరియంకు ఒక చిన్న ప్రమాదం జరిగింది. ఎప్పుడో సరిచేసిన ఒక లోపం, అప్‌గ్రేడ్ చేసుకోని పాత సాఫ్ట్‌వేర్‌లో మేలుకుంది. ఆ పాతది నడుపుతున్నవాళ్లలో ఇన్‌ఫ్యూరా ఉంది. వేల యాప్‌లు ఈథీరియంను చేరుకునేది దాని గుండానే. అంతే, కొన్ని గంటల పాటు ఎన్నో యాప్‌లు గుడ్డివయ్యాయి, బైనాన్స్ విత్‌డ్రాయల్స్ ఆపేసింది. ఎవరి చేతిలోనూ లేదన్న నెట్‌వర్క్ ఒక కంపెనీ బద్ధకానికి తడబడింది. అదే నెలలో అమెజాన్ వెబ్ సర్వీసెస్ తెలంగాణలో 20,761 కోట్ల రూపాయల పెట్టుబడి పెడుతుందని ప్రకటన వచ్చింది. 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ మొదలైంది. శంషాబాద్ విమానాశ్రయానికి అటూ ఇటూ, షాబాద్ మండలం చందన్‌వెల్లిలో, కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో ఆ కంపెనీ డేటా సెంటర్లున్నాయి. బ్లాక్‌చెయిన్ నోడ్‌లు నడిపేవాళ్లలో చాలామంది సొంత యంత్రాలు కొనరు, ఇలాంటి చోట అద్దెకు తీసుకుంటారు. అద్దెకిచ్చేవాడు తలుపు మూస్తే ఏ పదిహేడు మందికీ అప్పీలు లేదు.

తెలుగులో రాసేవాడికి ఇందులో ఇంకో తిరకాసుంది. దాన్ని ఇంగ్లీషువాళ్లు పట్టించుకున్న జాడ కనబడదు. గొలుసు అక్షరాల్ని లెక్కపెట్టదు, బైట్లు లెక్కపెడుతుంది. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు. తెలుగులో ప్రతి హల్లుకూ, ప్రతి గుణింతపు గుర్తుకూ, ప్రతి పొల్లుకూ మూడేసి బైట్లు. శంషాబాద్ అని ఇంగ్లీషులో రాస్తే 10 బైట్లు, తెలుగులో 24. స్త్రీ అన్న ఒక్క అక్షరమే 18. హైవ్‌లో రిసోర్స్ క్రెడిట్ల ఖర్చు చాలావరకు పద్దు పొడవును బట్టే ఉంటుంది. అంటే అదే కథను తెలుగులో పెడితే ఎక్కువ ఖర్చు, చిన్న ఖాతాకు త్వరగా నోరు మూత. ఫార్‌కాస్టర్‌లో ఒక మాటకు మొదట 320 బైట్ల హద్దు. ఇంగ్లీషువాడికి నాలుగైదు వాక్యాలు, తెలుగువాడికి గట్టిగా 106 గుర్తులు, అంటే రెండు చిన్న వాక్యాలు. తర్వాత పొడుగు మాటలకు 1,024 బైట్ల దాకా పెంచారు. నిష్పత్తి మాత్రం అదే. ఒక్క కంపెనీ చేతిలో ఉన్న ట్విట్టర్ 2017లో హద్దును 280కి పెంచినప్పుడు తెలుగు గుర్తునూ ఇంగ్లీషు అక్షరాన్నీ ఒక్కటిగానే లెక్కవేసింది. ఈ ఒక్క విషయంలో జమీందారు, పంచాయతీ కంటే న్యాయంగా ఉన్నాడని ఒప్పుకోక తప్పదు.

ఈ లెక్క మారకూడదని రాసిపెట్టి లేదు. గుర్తుల్ని లెక్కపెట్టమని చెప్పడం సాఫ్ట్‌వేర్‌లో పెద్ద పనీ కాదు. అయితే పెద్ద పద్దును దాచే డిస్కు, దాన్ని మోసే నెట్‌వర్క్ నిజంగానే ఎక్కువ ఖర్చు కదా అని విట్నెస్‌లు అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. ఆ ఖర్చును అన్ని భాషలవాళ్ల మధ్యా పంచుదామా, వద్దా అన్నది బేరమాడాల్సిన విషయం. హైవ్‌లో అభివృద్ధి నిధి నుంచి డబ్బు కోరుతూ ప్రతిపాదన పెట్టే హక్కు రుసుము కట్టిన ఏ ఖాతాకైనా ఉంది. అది నెగ్గితే కోడ్ రాయించుకోవచ్చు. కోడ్ సిద్ధమైతే పదిహేడు మంది దాన్ని నడపాలి. వాళ్లను నిలబెట్టేది మళ్లీ ఓట్లే. తెలుగువాళ్ల ఖాతాలకు కూడా తలా 30 ఓట్లున్నాయి. ఏడాదిలో ఒక్కసారైనా వాటిని కదపకపోతే, వేసినవీ చెల్లవు.